యూజర్ గ్రూప్ మీటింగ్‌లో సాఫ్ట్‌వేర్ డెమో ఎలా ఇవ్వాలి?

"వచ్చే మీటింగ్‌లో పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా చూపించమన్నారు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" కంప్యూటర్ వాడేవాళ్లు అప్పుడప్పుడు కలిసి ఒకరికొకరు నేర్పుకునే యూజర్ గ్రూపుల్లో ఈ బాధ్యత కొత్తగా నెత్తిన పడ్డవాళ్లంతా అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లకు సాఫ్ట్‌వేర్ రాక కాదు. రోజూ వాడేదే, అలవాటుగా చేసేసేదే. అదే పనిని పదిమంది ముందు, పెద్ద తెర మీద, చూసేవాళ్లకు అందేలా చేయడం మాత్రం వేరే విద్య. దానికి గొప్ప వక్త కానక్కర్లేదు. ముందస్తు ఏర్పాటు బాగుంటే చాలు.

చూసినవాళ్లు ఇంటికి వెళ్లి ఆ పనిని సొంతంగా చేసుకోగలిగితేనే డెమో అయినట్టు లెక్క. చప్పట్లు లెక్కలోకి రావు. కింద చెప్పేదంతా ఈ లెక్క ప్రకారమే. పట్టుకోవడానికి ఒక ఉదాహరణ ఉండాలి కాబట్టి, పొరపాటున డిలీట్ చేసిన ఫోటోలను ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తెచ్చే డెమోను తీసుకుంటున్నాను. మీరు చూపించేది వేరేదైనా నడిచే దారి ఇదే.

ఏమేం కావాలి

• ల్యాప్‌టాప్, ఛార్జర్. బ్యాటరీ నిండుగా ఉన్నా ఛార్జర్ వదలొద్దు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు తెర వెలుతురు తగ్గిస్తాయి, త్వరగా నిద్రలోకి జారుకుంటాయి.

• ప్రొజెక్టర్ లేదా పెద్ద టీవీ, దానికి సరిపడే కేబుల్. మీ ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ ఉండి, ప్రొజెక్టర్‌కు పాత వీజీఏ ఒక్కటే ఉంటే ఉత్త కేబుల్ చాలదు, సిగ్నల్‌ను మార్చే కన్వర్టర్ కావాలి. యూఎస్‌బీ-సీ పోర్టు ఉంది కదా అని ధీమా పడకండి. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ గానీ థండర్‌బోల్ట్ గానీ ఉన్న పోర్టు నుంచే తెర మీదికి బొమ్మ నేరుగా వెళ్తుంది. ఛార్జింగ్‌కూ ఫైళ్ల కాపీకీ మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ-సీ పోర్టులు చాలా ఉన్నాయి.

• మౌస్. టచ్‌ప్యాడ్ మీద వేలు తడబడుతుంటే చూసేవాళ్ల కళ్లు అలిసిపోతాయి.

• సాఫ్ట్‌వేర్ మొత్తం ఉన్న ఇన్‌స్టాలర్. కొన్ని ఇన్‌స్టాలర్లు చిన్న ఫైలుగా దిగి, అసలు సరుకును నడిపేటప్పుడు నెట్ నుంచి తెచ్చుకుంటాయి. అలాంటివి కాకుండా ఆఫ్‌లైన్ రకం గానీ, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే పోర్టబుల్ రకం గానీ తీసుకోండి.

• డెమో కోసమే తయారు చేసిన ఫైళ్లు. మీ సొంత ఫైళ్లు కాదు.

• ఒక పేజీ కాగితం, వచ్చేవాళ్లందరికీ సరిపడా కాపీలు.

• ఒక తోడు మనిషి. వెనక వరుసలో కూర్చుని "కనబడట్లేదు", "వినబడట్లేదు" అని చేయెత్తి చెప్పడానికి.

అడుగులు

1. ముందు పనిని ఎంచుకోండి, సాఫ్ట్‌వేర్‌ను తర్వాత.

"జింప్ చూపిస్తాను" అనుకుంటే మీకే దారి దొరకదు, ఫోటోలు సరిదిద్దే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవి వందల పనులు. "స్కాన్ చేసిన పాత ఫోటో మీద గీతలు తీసేయడం చూపిస్తాను" అనుకోండి, డెమో దానంతటదే రూపం కడుతుంది. పని పేరు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. వాక్యంలో "ఇంకా", "అలాగే" వస్తున్నాయంటే అవి రెండు డెమోలు.

ఏ పని ఎంచుకోవాలో తెలియకపోతే ముందు మీటింగ్‌లోనే అడిగేయండి. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఒక గ్యారేజీలో మొదలైన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్‌లో ఈ పద్ధతి ఉండేది. ముందు ఒక్కొక్కరూ లేచి తన దగ్గర ఏముందో, తనకేం కావాలో చెప్పేవాళ్లు, దాన్ని మ్యాపింగ్ అనేవాళ్లు. తర్వాత ఎవరికి కావాల్సినవాళ్ల దగ్గరికి వాళ్లు వెళ్లి మాట్లాడుకునేవాళ్లు, అది రాండమ్ యాక్సెస్. ఇప్పటికీ ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనబడలేదు. మీటింగ్ మొదట్లో పది నిమిషాలు ఇలా అడిగి రాసుకుంటే ఆరు నెలలకు సరిపడా డెమోలు దొరుకుతాయి.

2. ఆ సాఫ్ట్‌వేర్ నలుగురికీ చెప్పదగ్గదేనా చూడండి.

మీరు చూపించినదాన్ని నమ్మి జనం ఇంట్లో ఇన్‌స్టాల్ చేసుకుంటారు. అందుకే నాలుగు విషయాలు చూసుకోవాలి. ఉచితమా, లేక కొన్నాళ్ల ట్రయలా? ఇంట్లో ఉచితంగా ఉండి ఆఫీసులో వాడితే డబ్బు కట్టాల్సిన రకమా? గత ఏడాది రెండేళ్లలో కొత్త వెర్షన్ వచ్చిందా? మీ గ్రూపులో వాళ్లు వాడే సిస్టమ్‌లన్నింటి మీదా నడుస్తుందా? విండోస్ మీద మాత్రమే నడిచేదైతే మ్యాక్, లినక్స్ వాళ్లకు సాటి సాఫ్ట్‌వేర్ పేరొకటి సిద్ధంగా ఉంచుకోండి.

హెచ్చరిక: డౌన్‌లోడ్ ఎప్పుడూ తయారీదారుల సొంత సైటు నుంచే. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనల్లో నకిలీ సైట్లు ఉంటాయి. కొన్ని డౌన్‌లోడ్ సైట్లలో అసలు బటన్ కంటే పెద్దగా ప్రకటనల "డౌన్‌లోడ్" బటన్లు ఉంటాయి. మీటింగ్‌లో "గూగుల్‌లో కొట్టండి, వస్తుంది" అని ఎప్పుడూ చెప్పొద్దు. చిరునామా మొత్తం తెర మీద చూపించండి, కాగితం మీదా రాయండి.

3. డెమోకు వేరే గది కట్టుకోండి.

మీ రోజువారీ అకౌంట్‌లో డెమో ఇవ్వొద్దు. బ్రౌజర్‌లో ఒక అక్షరం కొట్టగానే మీ పాత వెతుకులాటలన్నీ తెర మీదికి వస్తాయి. డెస్క్‌టాప్ మీద బ్యాంకు కాగితాల పేర్లుంటాయి. ఫైల్ తెరిచే విండోలో ఈ మధ్య చూసినవన్నీ వరుసగా కనబడతాయి. ల్యాప్‌టాప్‌లో "డెమో" అని కొత్త యూజర్ అకౌంట్ చేసుకుంటే ఈ బాధ తీరిపోతుంది.

ఇంకా శుభ్రంగా కావాలంటే రెండు దారులున్నాయి. విండోస్ 10 లేదా 11 ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో విండోస్ శాండ్‌బాక్స్ ఉంటుంది, హోమ్ ఎడిషన్‌లో ఉండదు. దాన్ని తెరిచిన ప్రతిసారీ కొత్త విండోస్ వస్తుంది, మూసేయగానే అందులో చేసినదంతా పోతుంది. ఇన్‌స్టాలేషన్ చూపించడానికి ఇది బాగా నప్పుతుంది. రెండోది వర్చువల్‌బాక్స్, మీ కంప్యూటర్ లోపలే ఒక విండోలో ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. అందులో అంతా సిద్ధం చేసి, ఆ స్థితిని ఒక స్నాప్‌షాట్‌గా దాచుకుంటే, డెమో మధ్యలో ఏం పాడైనా నిమిషంలో మొదటి స్థితికి రావచ్చు. ఫోటోరెక్ డెమోకు మాత్రం శాండ్‌బాక్స్ పనికిరాదు, బయట పెట్టిన పెన్‌డ్రైవ్‌ను అది నేరుగా చూడలేదు. ఫోటోరెక్‌కు అడ్మినిస్ట్రేటర్ అనుమతి కూడా కావాలి కాబట్టి, ఆ హక్కులున్న డెమో అకౌంట్ చేసుకోండి.

4. డెమో సరుకు తయారు చేయండి.

చాలామంది అశ్రద్ధ చేసేది, డెమో బతకడమో చావడమో తేల్చేది ఈ అడుగే. ఫోటోరెక్ ఉదాహరణతో చెప్తాను.

అ) చిన్న పెన్‌డ్రైవ్ వాడండి. ఫోటోరెక్ డ్రైవ్ మొత్తాన్ని చదువుతుంది. సెకనుకు 25 ఎంబీ చదివే పెన్‌డ్రైవ్ అయితే 2 జీబీకి నిమిషంన్నర లోపు పడుతుంది, 32 జీబీకి 20 నిమిషాలు దాటుతుంది. అంతసేపు కదిలే పట్టీని చూస్తూ ఎవరూ కూర్చోరు. చిన్న పెన్‌డ్రైవ్ దొరకకపోతే, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పెద్దదాని మీద 2 జీబీ పార్టిషన్ (విడి భాగం) చేసి దాన్ని మాత్రమే వెతికించండి.

ఆ) దాన్ని పూర్తిగా ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ విండోలో క్విక్ ఫార్మాట్ పక్కనున్న టిక్ తీసేయాలి. క్విక్ ఫార్మాట్ పాత డేటాను చెరపదు, జాబితాను మాత్రమే తుడుస్తుంది. విస్టా నుంచి వచ్చిన విండోస్‌లన్నీ పూర్తి ఫార్మాట్‌లో డ్రైవ్ అంతటా సున్నాలు రాస్తాయి.

హెచ్చరిక: ఈ అడుగు దాటేస్తే ఆ పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడో ఎవరో పెట్టుకున్న ఇంటి ఫోటోలు మీటింగ్ తెర మీదికి రావచ్చు. ఎవరైనా సభ్యులు "నా కార్డు మీదే చూపించండి" అని ఇచ్చినా అందరి ముందూ చేయొద్దు. విడిగా కూర్చుని చేసిపెట్టండి.

ఇ) సరి చూసుకోండి. ఫార్మాట్ అయ్యాక ఫోటోరెక్ నడిపి, ఫైల్ రకాల్లో జేపీజీ ఒక్కటే టిక్ పెట్టి వెతికించండి. ఒక్క ఫోటో కూడా రాకూడదు. వచ్చిందంటే ఫార్మాట్ పూర్తిగా జరగలేదు.

ఈ) ఇప్పుడు పది ఫోటోలు కాపీ చేయండి. చెట్లు, పూలు, భవనాలు మంచివి, మనుషుల ముఖాలు వద్దు. అన్నీ విడివిడిగా గుర్తుపట్టేలా ఉండాలి, లేకపోతే ఏది వచ్చిందో ఏది రాలేదో తెలియదు. డ్రైవ్‌ను ఎజెక్ట్ చేసి మళ్లీ పెట్టండి. తర్వాత డిలీట్ చేయండి. లేదా డిలీట్ చేయడమే మీటింగ్‌లో అందరి ముందూ చేయండి. అదే మేలు, పోవడాన్ని కళ్లారా చూస్తేనే రావడం నమ్ముతారు.

వేరే సాఫ్ట్‌వేర్‌కూ సూత్రం ఒకటే. పాస్‌వర్డ్ మేనేజర్ చూపిస్తుంటే ఉత్తుత్తి అకౌంట్లతో కొత్త డేటాబేస్ చేసుకోండి. లెక్కల షీటు చూపిస్తుంటే 20 వరుసలు చాలు, 2,000 వద్దు. ఒకే ఫైలుకు ఉన్న అదనపు కాపీలను వెతికే సాఫ్ట్‌వేర్ అయితే, మీ వాళ్లు ఫైళ్లకు తమ భాషలో పేర్లు పెట్టుకుంటారా అన్నది గుర్తుంచుకుని అలాంటి పేర్లతోనూ పరీక్షించండి.

5. తెరను వెనక వరుసకు సరిపెట్టండి.

డెమోల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకటే: కనబడలేదు. మీ ల్యాప్‌టాప్ తెర 1920×1080 ఉండొచ్చు. మీటింగ్ గదిలో పాత ప్రొజెక్టర్ 1024×768 లేదా 1280×800 ఉండొచ్చు. అప్పుడు సాఫ్ట్‌వేర్ విండో కింది భాగం, సరిగ్గా "ఓకే" బటన్ ఉన్న చోటు, తెర దాటిపోతుంది. అందుకే ఇంట్లో రిహార్సల్ కూడా ఆ తక్కువ రిజల్యూషన్‌లోనే చేయండి.

విండోస్‌లో విండోస్ కీ, పి కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. ఎక్స్‌టెండ్ పెడితే మీరు చూసేదొకటి, వాళ్లు చూసేదొకటి అవుతుంది. మౌస్ ఏ తెర మీదుందో వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

బ్రౌజర్‌లో కంట్రోల్, ప్లస్ నొక్కి 150 నుంచి 200 శాతానికి పెంచండి. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ వాడితే అక్షరాలు 20 పాయింట్లకు తగ్గొద్దు. మౌస్ బాణాన్ని సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీకి వెళ్లి పెద్దది చేయండి. నల్ల థీమ్ మీకు ఇష్టమైనా, లైట్లు వెలుగుతున్న గదిలో ప్రొజెక్టర్ మీద అది మసకగా కనబడుతుంది. తెల్ల థీమ్ పెట్టండి.

కొన్ని సాఫ్ట్‌వేర్లలో అక్షరాలు పెంచే వీలుండదు. అప్పుడు విండోస్ కీ, ప్లస్ నొక్కితే మాగ్నిఫయర్ వస్తుంది, విండోస్ కీ, ఎస్కేప్ నొక్కితే పోతుంది. ఇంతకంటే డెమోలకు నప్పేది మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల జూమ్‌ఇట్. ఉచితం. కంట్రోల్, 1 నొక్కితే తెర పెద్దదవుతుంది, కంట్రోల్, 2 నొక్కితే తెర మీద గీయొచ్చు, ఎస్కేప్‌తో బయటికి. మ్యాక్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లోని జూమ్ ఈ పని చేస్తుంది.

ఆన్‌లైన్‌లో చూసేవాళ్లు కూడా ఉంటే ఒక్క విండోను కాకుండా తెర మొత్తాన్ని షేర్ చేయండి. ఒక్క విండోనే షేర్ చేస్తే, దానిలోంచి వేరుగా తెరుచుకునే చిన్న విండోలు అవతలివాళ్లకు రాకపోవచ్చు. మీరు "ఇక్కడ యెస్ నొక్కండి" అంటుంటారు, వాళ్లకు ఆ యెస్ ఉండదు.

6. గడియారం పెట్టుకుని రిహార్సల్ చేయండి.

45 నిమిషాల సమయం ఇచ్చారనుకుందాం. సమస్య చెప్పడానికి 5, డెమోకు 15, ఒక సభ్యుడు అదే పని చేసి చూపడానికి 10, ప్రశ్నలకు 15. ఇంట్లో డెమో 15 నిమిషాలు దాటితే మీటింగ్‌లో 25 అవుతుంది. వేగం పెంచి సరిపెట్టొద్దు, అడుగులు తగ్గించండి.

రిహార్సల్ పైకి మాట్లాడుతూనే చేయాలి. మనసులో అనుకుంటూ చేస్తే అన్నీ సాఫీగానే పోతాయి, నోరు తెరిచినప్పుడే ఎక్కడ మాట తట్టదో తెలుస్తుంది. నెట్ ఆపేసి కూడా ఒకసారి చేసి చూడండి.

డెమో మొత్తాన్ని ఓబీఎస్ స్టూడియో అనే తెర రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేసి ఉంచుకోండి. ఆ రోజు ల్యాప్‌టాప్ మొరాయిస్తే వీడియో నడిపి, మాటలు మీరు చెప్పొచ్చు. రికార్డింగ్ ఎంకేవీ రూపంలో పెట్టుకోవడం క్షేమం. మామూలు ఎంపీ4 అయితే మధ్యలో కంప్యూటర్ ఆగినప్పుడు మొత్తం ఫైలు తెరుచుకోకుండా పోయే ప్రమాదం ఉంది, ఎంకేవీలో అప్పటిదాకా రికార్డయింది మిగులుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ ఆప్షన్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు.

7. ఒక పేజీ కాగితం రాయండి.

ఇందులో ఉండాల్సినవి: పని పేరు, సాఫ్ట్‌వేర్ పేరు, మీరు చూపించిన వెర్షన్ నంబరు, సైటు చిరునామా, అంకెలు వేసిన అడుగులు, ఒక్క పెద్ద హెచ్చరిక. ఫోటోరెక్‌కు అడుగులు ఇలా ఉంటాయి:

అ) ఫోటోలు పోయాయని తెలియగానే ఆ కార్డు వాడకం ఆపండి. దాని మీద కొత్తగా ఏదీ సేవ్ చేయొద్దు.
ఆ) కార్డును కంప్యూటర్‌కు పెట్టండి. క్యూఫోటోరెక్ తెరవండి. ఫోటోరెక్‌కే ఇది విండోలూ బటన్లూ ఉన్న రూపం. జిప్ విప్పి నేరుగా నడపొచ్చు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.
ఇ) పై జాబితాలో కార్డును ఎంచుకోండి. సైజు చూసి సరిపోల్చుకోండి.
ఈ) కింద పార్టిషన్ ఎంచుకోండి.
ఉ) ఫైల్ ఫార్మాట్స్‌లో జేపీజీ ఉంచి మిగతావి తీసేయండి.
ఊ) వచ్చిన ఫోటోలు ఎక్కడ పెట్టాలో బ్రౌజ్‌తో చూపండి. ఇది కంప్యూటర్ డిస్క్ మీద ఫోల్డర్ అయి ఉండాలి.
ఋ) సెర్చ్ నొక్కండి.

పెద్ద హెచ్చరిక: వెనక్కి తెచ్చే ఫోటోలను పోగొట్టుకున్న కార్డు మీదే సేవ్ చేయొద్దు. చేస్తే ఇంకా దొరకాల్సిన వాటి మీద ఇవి రాసేస్తాయి.

కాగితం బదులు క్యూఆర్ కోడ్ చూపించొచ్చు, కానీ కాగితమే మంచిదని నా అభిప్రాయం. ఇంట్లో పని చేసేటప్పుడు ఫోను చేతిలో ఉండదు, లేదా ఆ ఫోనులోని కార్డే పాడై ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి అందరికీ తిప్పడం మాత్రం వద్దు. ఒక కంప్యూటర్‌లో వైరస్ ఉంటే అందరికీ చేరుతుంది. పైగా కొన్ని లైసెన్సులు పంచడానికి ఒప్పుకోవు.

8. మీటింగ్ రోజు అరగంట ముందు వెళ్లండి.

ప్రొజెక్టర్ పెట్టి, తోడు మనిషిని చివరి వరుసలో కూర్చోబెట్టి తెర మీది అతి చిన్న అక్షరాలు చదివించండి. నిద్ర సెట్టింగ్ "నెవర్" పెట్టండి. అప్‌డేట్లను వాయిదా వేయండి. డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేయండి. డెమో అకౌంట్‌లో మీ మెయిల్, చాట్ ఏవీ లాగిన్ అయి ఉండకూడదు. ఫోను సైలెంట్‌లో.

9. ఫలితంతో మొదలుపెట్టండి.

మొదటి నిమిషంలోనే ఫోటోలు డిలీట్ చేసి, ఖాళీ పెన్‌డ్రైవ్ చూపించి, "ఇందులో పది ఫోటోలు ఉండేవి, పావుగంటలో వెనక్కి తెస్తాం" అనండి. సాఫ్ట్‌వేర్ చరిత్ర, వెర్షన్ల వివరాలు వద్దు. ఎలా పనిచేస్తుందో రెండు మాటలు చాలు: డిలీట్ చేసినా ఫోటో డేటా వెంటనే చెరిగిపోదు, ఆ చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది, ఫోటోరెక్ ఆ చోటంతా చదివి, ఫోటో ఫైళ్లు ఎలా మొదలవుతాయో ఆ గుర్తులను బట్టి పట్టుకుంటుంది.

నొక్కే ముందు చెప్పండి, చెప్పాక నొక్కండి, నొక్కాక ఒక్క క్షణం ఆగండి. "పైన ఎడమ పక్క ఫైల్ మెనూ, అందులో మూడోది" అని చోటు చెప్పండి. "ఇక్కడ", "దీన్ని" అంటే తెర కనబడనివాళ్లకు ఏమీ అందదు. కీబోర్డు షార్ట్‌కట్ వాడితే పైకి చెప్పాలి. అసలైతే మొదటిసారి మెనూ నుంచే చేసి, షార్ట్‌కట్‌ను చివర్లో చెప్పడం నయం.

ఇన్‌స్టాలేషన్ చూపించాల్సి వస్తే ఒక్క చోట నెమ్మదించండి: అదనపు సాఫ్ట్‌వేర్ పెట్టమంటారా అని ముందే టిక్ పెట్టి అడిగే చోట. ఆ టిక్ తీసేయడం నేర్పితే ఆ మీటింగ్‌కు వచ్చినందుకు వాళ్లకు ఎప్పటికీ పనికొస్తుంది.

10. మౌస్ వాళ్ల చేతికివ్వండి.

దయచేసి ఈ అడుగును సమయం లేదని కోసేయొద్దు. సభ్యుల్లో ఒకరిని పిలిచి కూర్చోబెట్టండి. కాగితం వాళ్ల చేతికివ్వండి. మీరు చేతులు కట్టుకుని పక్కన నిలబడండి. ఫోటోరెక్ పెన్‌డ్రైవ్‌ను చదువుతుందే తప్ప దాని మీద రాయదు కాబట్టి అదే పెన్‌డ్రైవ్‌తో ఎన్నిసార్లైనా చేయించొచ్చు. ఆ వ్యక్తి ఆగిన ప్రతిచోటా గదిలో ఇంకా చాలామంది మనసులో ఆగి ఉంటారు. మీరు మౌస్ లాక్కోకుండా, ఏ అడుగులో ఆగారో కాగితం మీద గుర్తు పెట్టుకుని, నోటితో మాత్రమే సాయం చేయండి. అందరికంటే బాగా వచ్చినవాళ్లను పిలవొద్దు.

11. ప్రశ్నలకు ముందే సిద్ధపడండి.

వచ్చిన ప్రశ్నను మైకులో మళ్లీ చెప్పి అప్పుడు జవాబివ్వండి. ఫోటోరెక్ డెమోలో ఇవి తప్పకుండా వస్తాయి.

"ఫైళ్ల పేర్లు మారిపోయాయేం?" ఫోటోరెక్ ఫైల్ జాబితాను పట్టించుకోదు, డేటాను మాత్రమే చూస్తుంది. అందుకే పాత పేర్లు రావు. పేర్లు కూడా కావాలంటే దాంతోపాటు వచ్చే టెస్ట్‌డిస్క్‌లోని అన్‌డిలీట్ ముందు ప్రయత్నించొచ్చు.

"పది పెడితే పదికంటే ఎక్కువ వచ్చాయే?" చాలా కెమెరా ఫోటోల లోపల చిన్న నమూనా బొమ్మ దాగి ఉంటుంది. ఫోటోరెక్ దాన్ని కూడా వేరే ఫైలుగా తీస్తుంది. వాటి పేర్లు ఇంగ్లిష్ టీ అక్షరంతో మొదలవుతాయి.

"ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌డీ నుంచి వస్తాయా?" చాలావరకు రావు. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల డిలీట్ చేసిన చోటును ఎస్‌ఎస్‌డీ తానే ఖాళీ చేసుకుంటుంది.

"ఫోను లోపలి మెమరీ నుంచి?" దీనితో కాదు. ఆ మెమరీ కంప్యూటర్‌కు డిస్క్‌లా కనబడదు, పైగా ఇప్పటి ఫోన్లలో అది ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేకుండా చదవలేని రూపంలో ఉంటుంది. బయటికి తీయగలిగే మెమరీ కార్డు ఉంటే దాని మీద చేయొచ్చు, అదీ ఫోను దాన్ని ఎన్‌క్రిప్ట్ చేయకపోతేనే.

తెలియని ప్రశ్న వస్తే రాసుకుని వచ్చే మీటింగ్‌లో చెప్తానని అనండి, చెప్పండి.

తరచూ జరిగే పొరపాట్లు

మెనూల ఊరేగింపు. ఫైల్ మెనూ నుంచి హెల్ప్ దాకా ఒక్కొక్కటీ తెరిచి చూపడం. వినేవాళ్లకు ఏదీ గుర్తుండదు. పనికి కావాల్సిన మూడు నాలుగు చోట్లే తాకండి.

"ఇది చాలా ఈజీ" అనడం. ఈ మాటలో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు, కానీ అది విన్నాక అర్థం కానివాళ్లు నోరు విప్పరు. ఈజీ దగ్గరే ఆగిపోయానని పదిమందిలో ఎవరు చెప్పుకుంటారు? దాని బదులు "ఇక్కడ కొంచెం చిక్కు ఉంది, నెమ్మదిగా చూద్దాం" అంటే గది అంతా ముందుకు వంగుతుంది.

ఒక్కరి కంప్యూటర్ సమస్యలో కూరుకుపోవడం. "నా దాంట్లో రావట్లేదు" అని ఒకరు ల్యాప్‌టాప్ తెరుస్తారు. మిగతావాళ్లంతా ఎదురుచూస్తుంటారు. మీటింగ్ అయ్యాక కూర్చుందామని మర్యాదగా చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి.

ఇంకా పరీక్షల్లో ఉన్న బీటా వెర్షన్ చూపించడం. మీ తెర మీద ఉన్న బటన్ వాళ్ల ఇంట్లో ఉండదు.

ముందు రోజు రాత్రి అప్‌డేట్ చేయడం. రిహార్సల్ చేసిన వెర్షన్‌తోనే డెమో ఇవ్వండి.

గొప్పలు మాత్రమే చెప్పడం. ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ చేతకానివి ఉంటాయి. ఫోటోరెక్ కార్డులో ముక్కలు ముక్కలుగా పడ్డ ఫైళ్లను సరిగా తేలేదు, వచ్చిన ఫోటో సగం బూడిద రంగులో ఉండొచ్చు. ఇది మీరే చెప్తే మీ మిగతా మాటల మీద నమ్మకం పెరుగుతుంది.

ఫలితం ఎలా చూసుకోవాలి

మీటింగ్‌కు ముందు: సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ చూడనివాళ్లకు మీ కాగితం ఇచ్చి, మీరు ఒక్క మాట కూడా మాట్లాడకుండా చేయించండి. వాళ్లు ఆగిన చోట మీ కాగితంలోనే లోపం ఉంది, వాళ్లలో కాదు. ఆ అడుగును రెండుగా విడగొట్టండి, లేదా బటన్ పేరు తెర మీద ఎలా ఉందో అలాగే రాయండి. ఆగకుండా చివరిదాకా వెళ్తే కాగితం సిద్ధం.

డెమో చివర: పది ఫోటోల్లో ఎన్ని వచ్చాయో తెర మీద లెక్కపెట్టి, ఒక్కొక్కటీ తెరిచి చూపండి. ఫోల్డర్‌లో బొమ్మ గుర్తు కనబడినంత మాత్రాన ఫైలు బాగున్నట్టు కాదు. పూర్తి సైజులో తెరుచుకోవాలి.

వారం తర్వాత: "బాగుందా?" అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. "ఎవరెవరు ఇంట్లో చేశారు? ఏ అడుగు దగ్గర ఆగారు?" అని అడగండి. చేయనివాళ్లను ఎందుకు చేయలేదో అడగండి. డౌన్‌లోడ్ దగ్గరే ఆగారంటే చిరునామా తప్పు, లేదా రెండు మూడు ఫైళ్లు కనబడి ఏది తీసుకోవాలో తెలియలేదు. అవసరం రాలేదంటే మీరు ఎంచుకున్న పని వాళ్లది కాదు, మొదటి అడుగుకు తిరిగి వెళ్లి మ్యాపింగ్‌లో రాసుకున్న జాబితా మళ్లీ చూడండి.

వచ్చిన జవాబులతో కాగితాన్ని సరిదిద్ది, తేదీ వేసి, గ్రూపు ఫైళ్లలో పెట్టండి. డెమో సరుకున్న పెన్‌డ్రైవ్‌ను కూడా దాంతోనే కవర్లో వేసి, అందులో ఏముందో పైన రాయండి. వచ్చే ఏడాది కొత్తగా చేరినవాళ్లు ఇదే అడుగుతారు. అప్పుడు చూపించాల్సింది మీరే కానక్కర్లేదు, పదో అడుగులో మౌస్ పట్టుకున్నవాళ్లను అడగండి.